గొట్టం బయటికి పోవాల్సిందే

రోహిణి కార్తె దాటితే ఎండలు తగ్గుతాయని పెద్దలంటారు. బోగోలు, కావలి ప్రాంతాల్లో ఉండేవాళ్ళకు ఆ మాట మీద అంత నమ్మకం లేదు. నైరుతి రుతుపవనం మోసుకొచ్చే నీళ్ళలో చాలా భాగం పడమటి కనుమల అవతలే కురిసిపోతుంది. మన నెల్లూరు తీరానికి చేరేది ఉత్త పొడిగాలి. మనకు పెద్ద వానలంటే అక్టోబరు, నవంబరే. అందుకని మృగశిర వచ్చినా, ఆరుద్ర వచ్చినా జూన్ మధ్యాహ్నాల్లో పడమటిగాలి మొహాన కొడుతూనే ఉంటుంది. సాయంత్రానికి గాలి తిరుగుతుంది. జువ్వలదిన్నె వైపు నుంచి సముద్రపు గాలి వస్తుంది. బయట అరుగు మీద కూర్చున్నవాడికి అది ప్రాణం లేచొచ్చే గాలే. తలుపులేసుకుని గదిలో పడుకున్నవాడికి మాత్రం అది తేమ, ఉక్క, ఒంటికి అతుక్కునే చొక్కా.

ఈ ఉక్కకు విరుగుడుగా ఈ మధ్య కొన్ని ఇళ్ళలోకి ఒక కొత్త వస్తువు వస్తోంది. కింద చక్రాలుంటాయి. మంచం పక్కకు నెట్టుకోవచ్చు, అవసరం తీరాక ఇంకో గదిలోకి తోసుకుపోవచ్చు. పోర్టబుల్ ఏసీ అంటారు. అద్దె ఇంట్లో ఉండేవాళ్ళకు ఇది ఆశ పుట్టించే సరుకు. గోడకు రంధ్రాలు కొట్టనివ్వని ఇంటాయన ఉంటే, తరచూ బదిలీలయ్యే ఉద్యోగమైతే, ఇంకేం కావాలి అనిపిస్తుంది. పెట్టె విప్పి చూస్తే లోపల ఏసీతో పాటు లావాటి మడతల ప్లాస్టిక్ గొట్టం ఒకటి ఉంటుంది. అయిదారు అంగుళాల వెడల్పు, సాగదీస్తే అయిదడుగుల పొడవు. తగాదా అంతా ఆ గొట్టం దగ్గరే.

"కిటికీకి కమ్మీలున్నాయి కదన్నా, ఈ గొట్టం ఎట్టా పట్టుద్ది? హాల్లోకి వదిలేస్తే పోలా?" అని మెకానిక్‌ను అడిగేవాళ్ళే ఎక్కువ. కొందరు అడగను కూడా అడగరు. గొట్టాన్ని పక్కగదిలోకో, బాత్‌రూములోకో, అటక మీదికో తిప్పేస్తారు. ఇంకొందరు దాన్ని తగిలించకుండానే మెషీను ఆన్ చేసి, ముందువైపు చల్లగాలి వస్తోంది కదా అని సంతోషపడతారు. అరగంట తరువాత గది ముందుకంటే వేడెక్కుతుంది. అప్పుడు కంపెనీని తిడతారు.

జవాబు ముందే చెప్పేస్తాను. గొట్టం ఇంటి బయటికి పోవాల్సిందే. ఇంట్లో ఎక్కడ వదిలినా లాభం లేదు. ఎందుకు లేదో, కమ్మీల కిటికీ ఉన్నవాళ్ళు ఏం చేయాలో ఈ కాసేపట్లో చెప్పుకుందాం.

ఏసీ చల్లదనాన్ని తయారు చేస్తుందని మనం అనుకుంటాం. నిజానికి అది తయారు చేసేదేమీ లేదు. గదిలో ఉన్న వేడిని తోడి ఇంకో చోట పోస్తుంది, అంతే. పడవలోకి చేరిన నీళ్ళను జాలరి డబ్బాతో తోడి సముద్రంలో పారబోస్తాడు. అదే నీళ్ళను పడవ ఈ కొసలో తోడి ఆ కొసలో పోస్తే చేతులు నొప్పి పుట్టడం తప్ప ఫలితమేముంటుంది? గొట్టాన్ని ఇంట్లో వదలడం అచ్చంగా ఆ పనే. కాకపోతే ఇక్కడ నష్టం ఇంకాస్త ఎక్కువ. తోడే పనికి ఖర్చయిన కరెంటు కూడా చివరికి వేడిగానే మారి అదే ఇంట్లో పడుతుంది.

అంకెల్లో చెబితే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఒక టన్ను ఏసీ గదిలోంచి తీసే వేడి మూడున్నర కిలోవాట్లు. ఆ పనికి మెషీను తినే కరెంటు సుమారు 1.2 కిలోవాట్లు. రెండూ కలిపి 4.7 కిలోవాట్ల వేడి ఆ గొట్టంలోంచి బయటికి రావాలి. గొట్టం మూతి అదే గదిలో ఉంటే తీసిందీ పోసిందీ చెల్లుకు చెల్లు. మిగిలేది 1.2 కిలోవాట్లు. అంటే నిండు వేసవిలో మీరు ఒక గది హీటరు పెట్టుకుని కూర్చున్నట్టే. ఫ్రిజ్ తలుపు తెరిచిపెట్టి వంటిల్లు చల్లబరచాలని చూసినవాళ్ళకు కూడా ఇదే అనుభవం.

టన్ను అన్నానుగా, అది ఏసీ బరువు కాదు. ఒక టన్ను ఐసు, అమెరికావాళ్ళ లెక్కలో 907 కిలోలు, 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి పడుతుందో అంత వేడిని తీయగల శక్తి అది. ఐసు సంగతి మన తీరంలో వాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. వేటకెళ్ళే బోటు ఐసు లేకుండా కదలదు. చెరువు గట్టున రొయ్యలు పట్టినరోజు ఐసు లారీ ఆలస్యమైతే రైతు గుండె ఆగిపోతుంది. ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళినప్పుడు బయట వరసగా ఇనప పైపులు, వాటి మీద ఆగకుండా కారే నీళ్ళు చూసే ఉంటారు. లోపల తొట్లలో నీళ్ళను గడ్డ కట్టిస్తూ లాగిన వేడిని అమ్మోనియా మోసుకొచ్చి ఆ పైపుల దగ్గర వదిలేస్తుంది. ఆ పైపుల్ని తీసుకెళ్ళి ఐసు తొట్ల పక్కనే బిగిస్తామని ఏ ఫ్యాక్టరీ యజమానీ అనడు. ఇంట్లో ఏసీ దగ్గరికొచ్చేసరికి మాత్రం మనకు అదే ఆలోచన తడుతుంది.

బోగోలు మండలంలో ఈ పాఠం చెప్పుకోవడానికి ఇంకో మంచి చోటు ఉంది. బిట్రగుంట. ఆవిరి ఇంజన్ల రోజుల్లో మద్రాసు, బెజవాడ మధ్య రైళ్ళకు అది పెద్ద లోకోషెడ్. బొగ్గు, నీళ్ళు, పొగ, రాత్రీ పగలూ కూతలు. ఆ ఆవిరి యంత్రాల గురించే ఆలోచిస్తూ సాదీ కార్నో అనే ఫ్రెంచి ఇంజనీరు 1824లో ఒక చిన్న పుస్తకం వేశాడు. వేడి నుంచి పని రాబట్టాలంటే ఒక వేడి చోటు, ఒక చల్లటి చోటు, రెండూ వేరువేరుగా ఉండాలని అందులో తేల్చాడు. వేడి తనంతట తాను చల్లటి చోటు నుంచి వేడి చోటికి పోదని 1850లో జర్మనీకి చెందిన క్లౌసియస్ స్పష్టంగా సూత్రీకరించాడు. అలా పంపాలంటే మనం శక్తి పెట్టి నెట్టాలి. అలా నెట్టే యంత్రమే ఏసీ. ఆవిరి ఇంజన్ను తిరగేస్తే ఏసీ వస్తుంది. ఏ వైపు నుంచి చూసినా ఆ రెండు చోట్లూ వేరుగా ఉండాలన్న షరతు మాత్రం మారదు. బాయిలరు వేడిని బయటికి వదలని ఇంజను ఒక్క గజం కదలదు. గొట్టం బయటికి వదలని ఏసీ ఒక్క డిగ్రీ దించదు.

"సరే, అదే గదిలో వదలం. హాల్లో వదులుతాం. పడకగది తలుపు వేసుకుంటాం. అప్పుడో?" ఇది తెలివైన ప్రశ్నే. దీనికి జవాబు గాలి లెక్కలో ఉంది.

పోర్టబుల్ ఏసీ గొట్టంలోంచి వేడి ఒక్కటే బయటికి పోదు. దాన్ని మోసుకుపోవడానికి గాలి కావాలి. ఒక్క గొట్టమే ఉన్న మెషీను ఆ గాలిని మీ గదిలోంచే తీసుకుంటుంది. గంటకు సుమారు 300 ఘనపు మీటర్లనుకోండి. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలో పట్టే గాలి 34 ఘనపు మీటర్లు. అంటే ఏడు నిమిషాలకోసారి గదిలో గాలంతా ఆ గొట్టంలోంచి వెళ్ళిపోతోందన్నమాట. గది ఖాళీగా ఉండదు కదా. పోయినంత గాలీ తలుపు కింద సందులోంచి, కిటికీ రెక్కల మధ్య నుంచి తిరిగి లోపలికి దూరుతుంది. గొట్టం హాల్లో ఉంటే, హాల్లో పోసిన వేడిగాలే తలుపు కింద నుంచి మళ్ళీ పడకగదిలోకి వస్తుంది. మెషీను దాన్నే చల్లబరిచి, దాన్నే వేడిచేసి, దాన్నే వదులుతుంది. ఈలోగా హాలు, వంటిల్లు పొయ్యిలా తయారవుతాయి. గంట గడిచేసరికి ఆ వేడి గోడలకు ఎక్కుతుంది. గోడలు తెల్లవార్లూ దాన్ని తిరిగిస్తూనే ఉంటాయి.

మన తీరంలో వేడికి తోడు తేమ ఉంది. నా ఉద్దేశంలో అసలు దెబ్బ ఇదే కొడుతుంది. జూన్ నెలలో సముద్రపు గాలి తిరిగిన తరువాత ఘనపు మీటరు గాలిలో 20 గ్రాములకు పైగానే నీటి ఆవిరి ఉంటుంది. హాయిగా నిద్ర పట్టాలంటే దాన్ని పదమూడు, పద్నాలుగు గ్రాములకు దించాలి. లోపలికి దూరే 300 ఘనపు మీటర్లలో ఒక్కో ఘనపు మీటరు నుంచి ఏడేసి గ్రాముల నీళ్ళు తీయాలంటే గంటకు సుమారు రెండు లీటర్లు. ఆవిరిని నీరుగా మార్చడం తేలిక పని కాదు. ఆ రెండు లీటర్లకే సుమారు 1.4 కిలోవాట్లు ఖర్చవుతాయి. మీ టన్ను ఏసీ శక్తి మొత్తం మూడున్నర కిలోవాట్లు. గొట్టాన్ని సరిగ్గా బయటికి పెట్టిన తరువాత కూడా, ఆ శక్తిలో దాదాపు నలభై శాతం తేమకే పోతుందని దీని అర్థం. ఎండిపోయిన రాయలసీమ మెట్టప్రాంతంలో ఇదే మెషీను ఇంతకంటే బాగా పనిచేస్తుంది. అక్కడి బంధువుల ఇంట్లో చూసి ముచ్చటపడి కొన్నవాళ్ళు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

అసలు మొదటి ఏసీ పుట్టిందే తేమ బాధ తీర్చడానికి. 1902లో న్యూయార్కు బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయం ఉండేది. గాలిలో తేమ మారినప్పుడల్లా కాగితం సాగేది, ముడుచుకునేది. రంగు మీద రంగు సరిగ్గా పడేది కాదు. ఆ తగువు తీర్చమని విల్లిస్ కారియర్ అనే కుర్ర ఇంజనీరుకు అప్పగిస్తే ఆయన చేసిన యంత్రమే మన ఏసీలన్నిటికీ తాత. మనుషుల చల్లదనం సంగతి తరువాత వచ్చింది.

ఒక్క గొట్టం మెషీన్లకున్న ఈ లోపం విదేశాల్లో కూడా తెలిసిన విషయమే. అమెరికా ఇంధన శాఖ బయటి గాలి చొరబాటును కూడా లెక్కలోకి తీసుకుని కొలవడం మొదలుపెట్టాక, అవే మెషీన్ల మీద చల్లబరిచే శక్తి అంకె బాగా తగ్గింది. అందుకే అక్కడి పెట్టెల మీద పాతదొకటి, కొత్తదొకటి, రెండు అంకెలు కనిపిస్తాయి. దీనికి మందు రెండు గొట్టాల రకం. ఒక దాంతో బయటి గాలి తీసుకుని, దాన్నే వేడెక్కించి, రెండో దాంతో బయటికి తోసేస్తుంది. గదిలో గాలి జోలికి రాదు. మన బజార్లో ఎక్కువగా కనిపించేది మాత్రం ఒక్క గొట్టం రకమే.

ఇప్పుడు కాస్త భయపెట్టే మాట. గొట్టాన్ని బాత్‌రూములోకి తిప్పేవాళ్ళకూ, తలుపులన్నీ బిగించి గంటలకొద్దీ నడిపేవాళ్ళకూ ఇది ముఖ్యం. ఏసీ గదిలో గాలిని బయటికి తోస్తున్నంతసేపూ ఆ గది చుట్టుపక్కల నుంచి గాలిని పీల్చుకుంటూ ఉంటుంది. ఎక్కడ దారి దొరికితే అక్కడి నుంచి. పక్కనున్న బాత్‌రూములో గ్యాస్ గీజరు మండుతుంటే దాని పొగ, వరండాలో జనరేటరు నడుస్తుంటే దాని పొగ పడకగదిలోకి రావచ్చు. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. మూసిన బాత్‌రూముల్లో గ్యాస్ గీజర్ల వల్ల ప్రాణాలు పోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. గీజరు గానీ జనరేటరు గానీ నడుస్తున్నప్పుడు ఈ ఏసీని నడపకండి. అటక సంగతి కూడా చెప్పాలి. ఈ మెషీన్లలో చాలావాటికి లోపల చేరిన నీటిని వేడి కాయిల్ మీద చిలకరించి, ఆవిరిచేసి గొట్టంలోంచే పంపించే ఏర్పాటు ఉంటుంది. అంటే గొట్టంలోంచి వచ్చేది తడిగాలి. దాన్ని అటక మీదికి, ఫాల్స్ సీలింగ్ లోపలికి వదిలితే కొన్నాళ్ళకు బూజు, ఉబ్బిన చెక్క, తుప్పు పట్టిన మేకులు.

ఇక కమ్మీల కిటికీ. పెట్టె మీద బొమ్మలో ఉండేది పక్కకు జరిపే అద్దాల కిటికీ. దాని సందులో అమర్చడానికే కంపెనీవాళ్ళు పొడవాటి ప్లాస్టిక్ పట్టీ ఇస్తారు. మన ఇళ్ళలో చాలావాటికి ఉండేవి బయటికి తెరుచుకునే చెక్క రెక్కలు, లోపల ఇనప ఊచలు. ఆ పట్టీ ఇక్కడ పనికిరాదు. అలాగని గొట్టాన్ని ఊచల మధ్య ఇరికించాల్సిన అవసరమూ లేదు. కిటికీ కొలతకు ఒక ప్లైవుడ్ ముక్క కోయించండి. వడ్రంగి చేత గొట్టం మూతికి సరిపోయే రంధ్రం చేయించండి. ముక్కను ఊచలకు లోపలి వైపు ఆనించి తీగతో కట్టి, అంచుల చుట్టూ స్పాంజి పట్టీ అంటించండి. రెక్కలు బయటికి తెరిచి ఉంచితే వేడిగాలి ఊచల మధ్య నుంచి తన దారిన తాను పోతుంది. దొంగల భయం లేదు, ఊచలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇల్లు ఖాళీ చేసేరోజు తీగ విప్పేస్తే ఇంటాయనకు చెప్పుకోవాల్సిందేమీ ఉండదు. మీరు పడుకునే గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాను కోసం వదిలిన గుండ్రటి రంధ్రం ఖాళీగా ఉంటే, అదీ మంచి దారే. పాత మిద్దెల్లో కిటికీ పైన వెంటిలేటరు ఉంటుంది. గొట్టం అక్కడిదాకా అందితే దానికి మించింది లేదు.

గొట్టం విషయంలో పిసినారితనమూ వద్దు, అతి తెలివీ వద్దు. అది పొట్టిగా, తిన్నగా ఉండాలి. ఇంకో అయిదడుగులు అతికించి మెలికలు తిప్పితే గాలి ఆడక కంప్రెసరు వేడెక్కి ఆగిపోతుంది. సన్నటి పైపులోకి కుదించడమూ అంతే. నడుస్తున్నప్పుడు గొట్టాన్ని ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. ఆ వేడంతా గదిలోకే కొడుతోంది కాబట్టి దానికి ఇన్సులేషన్ తొడుగు చుట్టుకుంటే మేలు. పవర్ ప్లగ్గుకు నేరుగా పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడపకండి.

నీళ్ళ మాట మర్చిపోతే రాత్రి నిద్ర పాడవుతుంది. మన తేమకు లోపలి ఆవిరి ఏర్పాటు చాలదు. ట్రే నిండగానే మెషీను దానంతటదే ఆగిపోతుంది. వెనక అడుగున ఉండే బిరడా తీసి, సన్నటి పైపు తగిలించి, ఒక తొట్టిలోకో బాత్‌రూము తూములోకో వదిలేయండి. గది నుంచి బయటికి పంపకూడనిది చల్లగాలి మాత్రమే, నీళ్ళు కాదు.

ఇంత చెప్పాక పోర్టబుల్ ఏసీ కొనొద్దంటారా అని అడగొచ్చు. సొంత ఇల్లు అయితే కొనొద్దనే అంటాను. దాదాపు అదే ధరకు గోడకు తగిలించే స్ప్లిట్ ఏసీ వస్తుంది. అది తక్కువ కరెంటుతో ఎక్కువ చల్లదనం ఇస్తుంది, చప్పుడు కూడా బయటే ఉంటుంది. పోర్టబుల్‌లో కంప్రెసరు మంచం పక్కనే గురక పెడుతుంది. ఒక్క విషయంలో మాత్రం పోర్టబుల్‌ను మెచ్చుకోవాలి. ఉప్పుగాలికి సముద్రం దగ్గర ఊళ్ళలో స్ప్లిట్ ఏసీ బయటి పెట్టె తొందరగా తుప్పు పడుతుంది, రేకులు రాలిపోతాయి. మొత్తం ఇంట్లోనే ఉండే మెషీనుకు ఆ బాధ తక్కువ. అద్దె ఇంట్లో పసిబిడ్డో, మంచానపడ్డ పెద్దవాళ్ళో ఉండి వేరే దారి లేకపోతే కొనుక్కోండి, తప్పు లేదు. 2015 మే నెలలో వడగాలికి మన తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. చల్లటి గది ఒక్కటైనా ఉండటం విలాసం అనుకునే రోజులు పోయాయి.

కూలరుకూ ఏసీకీ తేడా తెలియక మోసపోయేవాళ్ళూ ఉన్నారు. ఫోనులో ప్రకటనలు వస్తుంటాయి. అరచేతిలో పట్టే చిన్న ఏసీ, గొట్టం అక్కర్లేదు, రెండు వేలే అని. గొట్టం లేకపోతే అది ఏసీ కాదు. తడిగుడ్డ ముందు పెట్టిన ఫ్యాను. వేడిని బయటికి పంపే దారి లేని ఏ పెట్టే గదిని చల్లబరచలేదు. అసలైన కూలరుకు సూత్రమే వేరు. అది నీటిని ఆవిరి చేసి చల్లదనం ఇస్తుంది కాబట్టి దానికి కిటికీలు తెరిచి ఉంచాలి. ఏసీకి మూసి ఉంచాలి. మధ్యాహ్నం పడమటి పొడిగాలి వేళ కూలరు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. రాత్రి సముద్రపు తేమలో, మూసిన గదిలో అదే కూలరు ఉక్కను పెంచుతుంది. ఏసీని 26 డిగ్రీల దగ్గర పెట్టి పైన ఫ్యాను నెమ్మదిగా తిప్పుకుంటే మన వాతావరణానికి చాలు. 18 మీద పెట్టినంత మాత్రాన గది త్వరగా చల్లబడదు, బిల్లు మాత్రం పెరుగుతుంది.

చివరిగా ఇల్లు కట్టుకునేవాళ్ళకు, అద్దెకిచ్చేవాళ్ళకు, మేస్త్రీలకు ఒక విన్నపం. కొత్తగా కడుతున్న ఇళ్ళలో వెంటిలేటర్లు ఎత్తేశారు. గోడ కడుతున్నప్పుడే ప్రతి పడకగదిలో కిటికీ పక్కన ఆరంగుళాల పీవీసీ పైపు ముక్క ఒకటి బయటికి కాస్త వాలుగా పెట్టి, రెండు వైపులా మూత వేయండి. దానికయ్యే ఖర్చు ఎంతో కాదు. రేపు అద్దెకొచ్చినవాళ్ళు ఏ ఏసీ తెచ్చుకున్నా మీ గోడ పగలదు. ఇప్పటికే కట్టేసిన ఇళ్ళ యజమానులు, కిరాయిదారు వచ్చి కిటికీకి ప్లైవుడ్ ముక్క కట్టుకుంటానంటే కాదనకండి. కొనబోయేవాళ్ళు దుకాణానికి వెళ్ళేముందు టేపు తీసుకుని మీ గది కిటికీ కొలవండి. గొట్టం మూతి బయటికి చేరే దారి దొరక్కపోతే ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.